నోరులేని రోగికి నూరు కిలోమీటర్లు

ఇంట్లో పెంచుకునే కుక్కకు, పిల్లికి వైద్యం చేయించాలంటే వందల్లో పోయేది వేలల్లోకి ఎక్కింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో ఆ వేలను పెంచుతున్నవి ముఖ్యంగా రెండు: దూరం, ఆలస్యం. రెండూ తగ్గేవే. కొంత మన చేతిలో ఉంది, కొంత సర్కారు చేతిలో ఉంది.

హిందూపురంలో కుక్కకు పెద్ద జబ్బు చేస్తే దారి దక్షిణానికే. గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక దాటితే బెంగళూరులోని హెబ్బాళ. అక్కడ 1958లో మొదలైన పశువైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఆసుపత్రి ఉన్నాయి. దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం. పెనుకొండ వాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా అదే హెబ్బాళలో తేలతారు. ధర్మవరం నుంచి ఇంకా దూరం. అటు అనంతపురం దగ్గరే గానీ, అక్కడ పని కాకపోతే వాళ్లదీ బెంగళూరు బాటే. మన రాష్ట్రంలోని పశువైద్య కళాశాలలు ప్రొద్దుటూరు, తిరుపతి, గన్నవరం, గరివిడిల్లో ఉన్నాయి. వాటిలో దగ్గరిది ప్రొద్దుటూరు. మా వైపు నుంచి కదిరి కనుమలు దాటి పోవాలి.

ఈ దారిలో ఖర్చు ఎలా పేరుకుంటుందో చూడండి. జబ్బు కుక్కను బస్సు ఎక్కనివ్వడం కండక్టరు దయ మీద ఉంటుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు పోయే ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి గానీ, రైల్వే నిబంధన ప్రకారం స్లీపరు, ఏసీ టూటైర్, త్రీటైర్ పెట్టెల్లోకి కుక్కను రానివ్వరు. ఫస్ట్ ఏసీలో అయితే కూపే మొత్తం మన పేరున ఉండాలి. లేదంటే పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలోని బోనులో పంపాలి. వాంతులు చేసుకుంటూ సోలిపోతున్న ప్రాణిని ఆ బోనులో ఎక్కించడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే బాడుగ కారు. పోను రాను బాడుగ, టోల్‌గేట్లు, ఇంట్లో ఇద్దరికి పని పోయిన రోజు, అక్కడ పొద్దుపోతే రాత్రి బస. నాలుగు రోజులకు మళ్లీ తీసుకురమ్మని డాక్టరు చెబితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి.

ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంటిని తలుచుకోండి. ఆ ఇంటికి నెల జీతం లేదు. చీర నేసి ఇస్తేనే కూలి చేతికొస్తుంది. కుక్కను ఎత్తుకుని బెంగళూరు పోయిన రోజు మగ్గం ఆగిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే రసీదులో ఆ కూలి ఉండదు, బాడుగా ఉండదు. కానీ ఇంటి పెద్ద లెక్కలో ముందు నిలబడేవి అవే. పెంపుడు జంతువుల వైద్యం గురించి పెద్ద నగరాల్లో జరిగే చర్చ అంతా డాక్టరు ఫీజు చుట్టూ, మందుల ధరల చుట్టూ తిరుగుతుంది. మా మూడు ఊళ్లలో ఆ చర్చ బస్టాండు దగ్గరే, బాడుగ మాట్లాడుకునే చోటే మొదలు కావాలి.

‘కుక్కకు అంత దుడ్డా?’

వీధిలో ఎవరైనా కుక్క కోసం అప్పు చేశారని తెలిస్తే చుట్టుపక్కల వాళ్లు అనే మాట ఇది. ‘కుక్కకు అంత దుడ్డు పెడతారా అప్పా, మనుషులకే లేక చస్తాంటే!’ ఈ మాటలో క్రూరత్వం లేదు. చాలీచాలని బతుకుల్లోంచి వచ్చిన లెక్క అది. అయినా ఈ మాట వినపడుతుందనే సిగ్గుతో ఎంతోమంది తమ జంతువు జబ్బును నాలుగు రోజులు దాచిపెడతారు. ఆ నాలుగు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

కుక్క మీద ఖర్చు కొత్తగా వచ్చిన పట్నపు పోకడ అనుకునేవాళ్లు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఆతకూరు శిలను చూడాలి. క్రీ.శ. 949 నాటి ఆ వీరగల్లు మీద గంగ వంశపు రాజు బూతుగుని కాలపు ముచ్చట ఒకటి చెక్కి ఉంది. మనలేరుడనే యోధుడి దగ్గర కాళి అనే వేటకుక్క ఉండేది. అది పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి, తానూ చచ్చిపోయింది. ఆ కుక్క జ్ఞాపకంగా రాయి నిలబెట్టి, దానికి పూజ జరగడానికి భూమి రాసిచ్చారు. వెయ్యేళ్ల కిందటి మాట. మా పెనుకొండ కొండల చుట్టూ ఇప్పటికీ గొర్రెల మందను చిరుత నుంచి, ఎలుగుబంటి నుంచి కాపాడేది కుక్కే. రాత్రి దొడ్డి దగ్గర అది మొరిగితేనే కాపరి లేస్తాడు. కర్నూలు జిల్లా పందికోన కుక్కలకు అంత పేరు రావడం వెనక ఉన్నదీ ఇలాంటి సేవే. ఊళ్లలోనైతే ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లకు రోజంతా పలకరించే తోడు అదే. ఆ తోడుకు వైద్యం చేయించుకోవడం దుబారా అని నేను అనుకోను. ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న.

ఖర్చు ఎందుకు పెరిగింది

ఒకప్పుడు చిన్న ఊళ్లో కుక్కను చూపిస్తే డాక్టరు కళ్లు చూసి, కడుపు తడిమి, ఒక సూది వేసి పంపేవారు. ఇప్పుడు రక్తపరీక్ష ఉంది, డిజిటల్ ఎక్స్‌రే ఉంది, అల్ట్రాసౌండ్ ఉంది, పార్వో, డిస్టెంపర్ జబ్బులను తేల్చే కిట్లు ఉన్నాయి. ఈ పరీక్షలతో ప్రాణాలు నిలుస్తున్నాయి, అందులో సందేహం లేదు. వాటికి యంత్రం కావాలి, కరెంటు కావాలి, నడిపే మనిషి కావాలి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనంలో కాపాడాలి. రోజుకు నాలుగు కుక్కలు మాత్రమే వచ్చే ఊళ్లో ఈ పెట్టుబడి పెడితే తిరిగి రాదు. అయిదున్నరేళ్లు చదివి పట్టా పుచ్చుకున్న యువ డాక్టరు కుక్కల వైద్యం మీదే బతకాలనుకుంటే బెంగళూరుకో హైదరాబాద్‌కో పోక తప్పదు. అలా రోగి వెనకే డాక్టరు కూడా వెళ్లిపోయాడు.

పన్నుల సంగతి ఒకటి తెలుసుకుని ఉండటం మంచిది. పశువైద్యశాల చేసే వైద్య సేవకు జీఎస్టీ లేదు. మందుల మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్యాకెట్లలో అమ్మే కుక్క, పిల్లి ఆహారం మీద మాత్రం 18 శాతం ఉంది. పశువుల దాణాకు పన్నే లేదు. అంటే సర్కారు లెక్కలో ఆవు జీవనాధారం, కుక్క విలాసం. పెనుకొండ కొండ కింద మంద కాసే కుక్కకు ఈ విభజన ఎక్కడ సరిపోతుంది?

ధరలు పెరగడం మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. బ్రిటన్‌లో పోటీ, మార్కెట్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ సీఎంఏ 2024 మేలో పశువైద్య రంగం మీద పూర్తి విచారణ మొదలుపెట్టింది. 2013లో అక్కడి క్లినిక్కుల్లో దాదాపు 90 శాతం డాక్టర్ల సొంతవి. పదేళ్లు తిరిగేసరికి ఆరు పెద్ద కంపెనీలు సగానికి పైగా కొనేశాయి. 2016 నుంచి 2023 లోపు వైద్యం ధరలు 63 శాతం పెరిగాయని ఆ సంస్థే తేల్చింది. అమెరికాలో చాక్లెట్లు, పెడిగ్రీ కుక్క ఆహారం అమ్మే మార్స్ కంపెనీ 2017లో వీసీఏ అనే జంతువుల ఆసుపత్రుల గొలుసును 910 కోట్ల డాలర్లకు కొన్నది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఇంటికి ఫోను చేసినప్పుడు కుక్క పంటి ఆపరేషన్ ఖర్చు చెబితే ఇక్కడ అమ్మలు నోరెళ్లబెట్టేది ఊరకే కాదు. మన దగ్గర ఇంకా డాక్టరే క్లినిక్కు యజమాని. బేరం కుదరకపోయినా మనసు విప్పి మాట్లాడే అవకాశం ఇంకా ఉంది. దాన్ని వాడుకోవడం తెలియాలి.

గొర్రెకు ఉంది, కాపలా కుక్కకు లేదు

పశుసంవర్ధక శాఖ పాడి కోసం, సేద్యం కోసం, గొర్రెల కోసం పుట్టింది. అది తప్పు కాదు. మా జిల్లాలో వాన నమ్మకం లేదు, గొర్రె నమ్మకం ఉంది. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం 13,343 కోట్ల రూపాయలతో మొదలుపెట్టిన కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఉచితంగా పల్లెకే వచ్చి వేస్తారు. పశువుల బీమాకు రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే అని 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2022 మే 19న రాష్ట్రంలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశు అంబులెన్సులు బయలుదేరాయి. 1962కి ఫోను చేస్తే పల్లెకు డాక్టరు వస్తాడు. ఇవన్నీ రైతు కష్టపడి సంపాదించుకున్న హక్కులు.

ఈ ఏర్పాటు అంతటిలో కుక్క, పిల్లి ఎక్కడ ఉన్నాయి? తలుపు మూయలేదు, కుర్చీ వేయలేదు. సర్కారు పశువుల ఆసుపత్రికి కుక్కను తీసుకెళ్తే డాక్టరు చూస్తారు. చూడకూడదన్న నియమం ఏదీ లేదు. నామమాత్రపు ఖర్చుతో పని అయిపోతుంది కూడా. కానీ అక్కడి మందుల బీరువాలో ఉండేవి ఎక్కువగా ఎద్దుకు, గొర్రెకు సరిపోయేవి. చిన్న జంతువుకు ఎక్స్‌రే తీసే ఏర్పాటు, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాక కనిపెట్టుకుని ఉండే మనిషి దొరకడం కష్టం. ఉన్న ఒక్క డాక్టరు మధ్యాహ్నం పల్లెల్లో ఉంటారు. 5,000 పశు యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. ఆ లెక్క వేసినప్పుడు పట్నాల్లో ఇంటింటికీ కుక్క ఉండే కాలం ఎవరి ఊహలోనూ లేదు.

ఇంత చెప్పినా నా మాట ఇదే: మొదట పోవలసింది అక్కడికే. హిందూపురంలో గానీ పెనుకొండలో గానీ ధర్మవరంలో గానీ, జంతువు తిండి మానేసిన మొదటి రోజే సర్కారు ఆసుపత్రికి తీసుకుపోతే జ్వరం చూస్తారు, నీరసానికి సెలైన్ పెడతారు, బెంగళూరు పోవాలా అక్కర్లేదా అన్నది చెబుతారు. ఆ ఒక్క మాట విలువ ఒక బాడుగ కారు. పెద్దాసుపత్రికి పోవలసి వస్తే ఇక్కడ ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసి ఉన్న చీటీ వెంట తీసుకెళ్లండి. అది లేకపోతే అక్కడ పరీక్షలన్నీ మళ్లీ మొదలవుతాయి.

పార్వో నేర్పే లెక్క

ఖర్చు గురించి ఒక్క జబ్బు చెప్పి వదిలేయమంటే పార్వో చెబుతాను. 1978లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ కుక్కపిల్లల పేగుల్ని తినేస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు, రెండు రోజుల్లో పిల్ల గుడ్డపేలికలా అయిపోతుంది. వైద్యం లేకపోతే పదింట తొమ్మిది పిల్లలు చనిపోతాయి. వైద్యం అందితే అంతే సంఖ్యలో బతికించవచ్చు. అయితే ఆ వైద్యం అంటే రోజుల తరబడి సెలైన్, వాంతులాపే సూదులు, యాంటీబయాటిక్‌లు, పక్కనే మనిషి. వేలు అయ్యేది ఇక్కడే. ఇదే జబ్బుకు టీకా ఉంది. పిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు. టీకాలన్నిటికీ కలిపి అయ్యే డబ్బు పార్వో వైద్యంలో ఒకటి రెండు రోజుల ఖర్చుకు మించదు.

మా వైపు చాలా ఇళ్లలో మొదటి డోసు వేయించి ‘టీకా అయిపోయింది’ అనుకుంటారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్లలో ఉన్నంతకాలం టీకాను పని చేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లపిల్లకూ మారుతుంది. అందుకే డోసులు వరసగా వేస్తారు. చివరిది తప్పితే ముందువి వేయించిన డబ్బు కూడా వృథా అయినట్టే. పార్వో వచ్చి పిల్ల చనిపోయిన ఇంట్లో ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. బ్లీచింగుతో కడగకుండా, టీకా లేని కొత్త పిల్లను తెస్తే అదే కథ మళ్లీ.

జబ్బు వచ్చేసింది, ఆసుపత్రిలో ఉంచే స్తోమత లేదు, అప్పుడు? ఇక్కడ అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ చేసిన పని మనకు అక్కరకొస్తుంది. 40 పార్వో కుక్కలను తీసుకుని, మొదట అన్నిటికీ సెలైన్‌తో ప్రాణం కుదుటపరిచారు. తర్వాత సగాన్ని ఆసుపత్రిలో ఉంచుకుని పూర్తి వైద్యం చేశారు. మిగతా సగానికి ఇళ్లలో చేయగలిగే తీరులో చర్మం కింద సెలైన్, ఎక్కువ రోజులు పనిచేసే ఒక యాంటీబయాటిక్ సూది, వాంతుల మందు ఇచ్చారు. మొదటి గుంపులో 90 శాతం, రెండో గుంపులో 80 శాతం బతికాయి. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇది డాక్టరు కనుసన్నల్లో, రోజూ చూపించుకుంటూ చేసే వైద్యమే గాని, ఇంటి చిట్కా కాదు. కానీ ‘లక్ష పెట్టు, లేకపోతే చావనివ్వు’ అనే రెండు దారులే లేవని అది రుజువు చేసింది. మధ్యలో మూడో దారి ఉంది. హిందూపురంలో, ధర్మవరంలో ఉన్న డాక్టరు చేయగలిగిన దారి అది.

డబ్బు మాట ముందే అడగండి

డాక్టరు దగ్గర డబ్బు మాట ఎత్తడం మనకు మొహమాటం. ‘సార్, మా దగ్గర ఇంతే ఉంది. ఇందులో దీనికి ఏది ముఖ్యం, ఏది ఆగినా ఫర్వాలేదు?’ అని మొదటే అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు. పది పరీక్షల్లో వైద్యాన్ని మార్చేవి ఏ రెండో చెబుతారు. అడగకపోతే ఆయన పుస్తకంలో ఉన్నదంతా రాస్తారు, మనం సగంలో మానేస్తాం. సగంలో ఆపిన వైద్యం కన్నా ఖరీదైనది మరొకటి లేదు.

మందు విషయంలోనూ అడగాలి. మా ఎండల్లో, ఈ గోమార్ల మధ్య ఎక్కువగా కనిపించేది గోమారు జ్వరం. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి నెత్తురు కారుతుంది. ఎర్లీకియా అని తేలితే డాక్టర్లు రాసేది మామూలుగా డాక్సీసైక్లిన్, నాలుగు వారాలు. మనుషులకు వాడే మందే. డాక్టరు మందు పేరు, మోతాదు విడిగా రాసిస్తే జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది.

దీన్ని చూసి సొంత వైద్యానికి దిగితే మాత్రం ప్రమాదం. మనకు తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపేస్తుంది. ఐబుప్రోఫెన్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గోమార్లు పోతాయని చేనుకు కొట్టే మందు కుక్క ఒంటికి పూసేవాళ్లు ఉన్నారు. కుక్కలకు అమ్మే పెర్మెత్రిన్ పొడి పిల్లికి చల్లితే దాని ప్రాణం పోతుంది. రూపాయలు మిగుల్చుకోబోయి విషం కక్కించడానికి వేలు పెట్టిన ఇళ్లున్నాయి. అలాగే రిజిస్ట్రేషన్ లేని ‘డాక్టర్ల’ దగ్గరకు పోవద్దు. పశువైద్యం చేసే హక్కు 1984 చట్టం కింద నమోదైన వాళ్లకే ఉంది.

ఆడకుక్కను, పిల్లిని పెంచేవాళ్లు ఆపరేషన్ సంగతి చిన్నవయసులోనే డాక్టరుతో మాట్లాడుకోవాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మళ్లాక, ఎదకొచ్చిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. చీము పడితే కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంది, పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు చేసేది అత్యవసర ఆపరేషన్, ముసలి ఒంటి మీద. ఖర్చూ ఎక్కువే, ప్రాణగండమూ ఎక్కువే.

కొనేటప్పుడే రాసుకున్న బిల్లు

బెంగళూరు పక్కనే ఉండటం వల్ల అక్కడి మోజులు హిందూపురానికి తొందరగా చేరతాయి. మంచుదేశపు హస్కీ, ముక్కు చప్పిడి పగ్, షిట్జూ మా వీధుల్లోకి వచ్చేశాయి. అనంతపురం ఎండాకాలంలో పొట్టి ముక్కు కుక్కకు ఊపిరాడదు. వడదెబ్బ, చర్మరోగం, కంటి పుండు, అన్నీ వరస కడతాయి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాడు టీకాల కార్డు ఇవ్వాలి. ఈ రెండూ చూడకుండా నెల పిల్లను తెచ్చుకుంటే మొదటి వారమే ఆసుపత్రి. మన నాటు కుక్క ఈ ఎండకు, ఈ నేలకు తరతరాలుగా ఒదిగింది. ఊరికే వస్తుంది, తక్కువ జబ్బు పడుతుంది. పెంచుకోవాలనుకునేవాళ్లు నాటు పిల్లను తెచ్చుకోవాలని గట్టిగా చెబుతాను.

తిండి గురించి కూడా. 18 శాతం పన్ను కట్టి ప్యాకెట్ కొననక్కర్లేదు. రాగి ముద్ద, ఉడికించిన గుడ్డు, ఉప్పుకారం, ఉల్లి లేని మాంసం, కాస్త కూరగాయ ఉంటే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మంచి తిండే. కొలత డాక్టరును అడిగి పెట్టుకోండి. వట్టి పెరుగన్నంతో మాత్రం సరిపోదు, మాంసకృత్తులు కావాలి. పిల్లికి మాంసం తప్పదు. దాని ఒంటికి అవసరమైన టారిన్ శాకాహారంలో దొరకదు. వండిన కోడి ఎముకలు పెట్టొద్దు. పేగులో గుచ్చుకుంటే అదే పెద్ద ఆపరేషన్.

బీమా గురించి అడుగుతుంటారు. న్యూ ఇండియా అష్యూరెన్స్‌కు పెంపుడు కుక్కల పాలసీ ఉంది. బజాజ్ అలియాంజ్ 2020లో తెచ్చింది. ఆపరేషన్లకు, ఆసుపత్రిలో ఉండటానికి, చనిపోతే నష్టానికి ఇలాంటివి పనికొస్తాయి. టీకాలకు, మామూలు చూపులకు వీటిని నమ్ముకోలేం. వయసు పరిమితి దాటినా, టీకాల రికార్డు, గుర్తింపు లేకపోయినా క్లెయిమ్ చిక్కులో పడుతుంది. పాలసీ కాగితంలో ‘వర్తించనివి’ అన్న పేజీ ముందు చదవండి. ఖరీదైన జాతి కుక్క ఉన్నవాళ్లకు ఇది సరే. నాటు కుక్క ఉన్న ఇంటికి పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో దాని పేరు తలుచుకుని నెలనెలా వేసే కొంత దుడ్డే నమ్మకమైన బీమా. దాని మీద చేయి వేయకుండా ఉండటమే కష్టం.

పుట్టపర్తి పక్కన ఒక దారి

దాతృత్వం మీద నడిచే జంతు వైద్యం మా జిల్లాకు కొత్త కాదు. నెదర్లాండ్స్ నుంచి వచ్చి పుట్టపర్తిలో స్థిరపడిన క్లెమెంటీన్ పావ్స్ 2000లో కరుణా సొసైటీని మొదలుపెట్టారు. వీధి కుక్కల ఆపరేషన్లు, దెబ్బతిన్న జంతువుల వైద్యం, ఆశ్రయం వాళ్ల పని. రోడ్డు మీద తిరిగే ఆవుల కడుపుల్లోంచి ప్లాస్టిక్ సంచులు గంపలకొద్దీ తీసి, 2012లో ఆ సంచుల మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ సంస్థే. ‘ద ప్లాస్టిక్ కౌ’ అనే డాక్యుమెంటరీ చూసినవాళ్లకు ఈ కథ తెలుసు. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ ఇదే బాటలో ఉన్నాయి.

పేదవాళ్ల జంతువులకు వైద్యం అనే ఆలోచన 1917లోనే లండన్ వైట్‌చాపెల్ పేటలో ఒక నేలమాళిగలో కార్యరూపం దాల్చింది. మరియా డికిన్ అనే ఆవిడ, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, డబ్బు లేనివాళ్లు తమ జంతువుల్ని తీసుకురావచ్చని, వైద్యం ఉచితమని తలుపు మీద రాసిపెట్టారు. తర్వాత అది పీడీఎస్‌ఏ అనే పెద్ద సంస్థ అయింది. ఇలాంటి సంస్థల మీద మా మూడు ఊళ్ల భారమంతా మోపడం న్యాయం కాదు. స్తోమత ఉన్నవాళ్లు ఉచిత వైద్యానికి వరసలో నిలబడితే వెనక నిలబడ్డ రోడ్డు ప్రమాదపు కుక్కకు వంతు రాదు. ఖర్చు భరించగలిగినవాళ్లు చెల్లించాలి, ఆపైన ఇంకో జంతువు కోసం కాస్త ఇచ్చి రావాలి.

ఖర్చు భయానికి రోడ్డు మీద వదిలేసే పని మాత్రం ఎవరూ చేయకూడదు. మెడలో పట్టీ ఉండి, ఎముకలు తేలి, వచ్చేపోయే ప్రతి బండి వెంట పరిగెత్తే కుక్కలను జాతీయ రహదారి పక్కన మీరూ చూసే ఉంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరం. చట్టం మాట అటుంచినా, ఇంటి మనిషిని నమ్మి బతికిన ప్రాణికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. వైద్యానికి లొంగని జబ్బుతో బాధపడుతుంటే, బాధ లేకుండా ప్రాణం పోయేలా చేయడం గురించి డాక్టరుతో ధైర్యంగా మాట్లాడండి. అప్పులు చేసి నెలరోజులు నొప్పిని పొడిగించడం ప్రేమ అని నేను ఒప్పుకోలేను.

అర్జీలో ఏం రాయాలి

1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా వేశారు. ఆ గుర్తుగా ఏటా జులై 6న మన రాష్ట్రంలోని పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా వైద్యం లేదు. ఆ టీకా మన దగ్గరే తయారవుతోంది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తెచ్చే ‘రక్షారాబ్’ చాలా ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. ఒక్క రోజు శిబిరానికి ఇంత పని జరిగినప్పుడు వారానికి రెండు పూటలు కుక్కలకు, పిల్లులకు వైద్యం ఎందుకు జరగదు?

2025 మార్చి 5న కేంద్ర మంత్రివర్గం పశువుల ఆరోగ్య పథకాన్ని 3,880 కోట్లతో సవరించి, అందులో ‘పశు ఔషధి’ పేరుతో జనరిక్ పశువుల మందులకు 75 కోట్లు పెట్టింది. సహకార సంఘాలు, కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా అమ్మాలని ఆలోచన. ఆ జాబితాలో గోమారు జ్వరం మందులు, నులిపురుగుల మందులు, పార్వోకు వాడే వాంతుల సూదులు కూడా చేరితే ధర్మవరంలోని నేతకారుడికీ, పెనుకొండ కాపరికీ పెద్ద ఊరట.

పుట్టపర్తి కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. పెంపుడు జంతువులున్న ఇళ్లవాళ్లు ఊరి పేరున అక్కడ ఇవ్వవలసిన అర్జీ ఇది: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పశువుల ఆసుపత్రుల్లో వారానికి రెండు పూటలు కుక్కలకు, పిల్లులకు కేటాయించాలి. మూడింటిలో కనీసం హిందూపురంలో ఒక ఎక్స్‌రే, ఒక రక్తపరీక్ష యంత్రం, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసే ఏర్పాటు ఉండాలి. చిన్న జంతువుల వైద్యంలో శిక్షణ పొందిన ఒక డాక్టరు ఉండాలి. తిరుపతి, ప్రొద్దుటూరు కళాశాలల నిపుణులతో వీడియోలో మాట్లాడే వీలుంటే సగం బెంగళూరు ప్రయాణాలు ఆగుతాయి. 1962 అంబులెన్సు మంద కాసే కుక్కను కూడా రోగిగా నమోదు చేసుకోవాలి. ఉచితంగా ఇమ్మని అడగనక్కర్లేదు. నామమాత్రపు రుసుము పెట్టినా జనం కడతారు, ఎందుకంటే ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు బాడుగ కార్లకు కడుతున్నారు. అర్జీకి రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. అర్జీతో పాటు మీ ఇంటి కుక్క టీకాల కార్డు నకలు, గత ఏడాది దాని వైద్యానికి అయిన ఖర్చులో దారి ఖర్చు ఎంతో విడిగా రాసిన కాగితం జత చేయండి. వంద ఇళ్ల కాగితాలు ఒకచోట చేరితే మా మూడు ఊళ్లు దారి మీద ఎంత పోస్తున్నాయో అధికారులకు అంకెల్లో కనపడుతుంది.